ఒక చదరపు మీటరు

నాలుగు పుల్లలు, కాస్త ఎర్ర దారం.
సారెమా దీవిలో, ఉప్పుగాలి తగిలే పచ్చికలో
ఒక్క చదరపు మీటరుకి కంచె కట్టి
మోకాళ్ళు తడుపుకుంటూ
మొక్కల్ని లెక్కపెడుతున్నాను.

ఇరవై దాకా కళ్ళు చెప్పాయి.
ఆ తర్వాత వేళ్ళని అడగాలి:
ఈ ఆకు అంచు గరుకు,
ఈ కాడకి మూడు పలకలు,
ఇది నలిపితే వాము ఘాటు.
నలభై ఏడు దగ్గర ఒక చీమ
నా లెక్క మీదుగా నడిచిపోయింది.
మళ్ళీ ఒకటి.

మైము వచ్చి రాతిగోడ మీద కూర్చుంది,
పొడుగు కర్ర కొడవలి పక్కన ఆనించి.
"మా అత్తకి ఇవన్నీ పేరుపేరునా తెలుసు.
నాకు తెలిసినవి రెండే జాతులు,
ఆవు తినేది, ఆవు తిననిది."

గోడకి అవతల ఎండెల్ వాళ్ళ చేను.
సమష్టి వ్యవసాయం రోజుల్లో
బస్తాలకి బస్తాలు ఎరువు చల్లారట.
నడుమెత్తు పచ్చ, ఒకటే పచ్చ.
నిన్న అక్కడా దారం కట్టాను. తొమ్మిది.
ఇటు పక్క, ముప్పై ఏళ్ళుగా
ఎవరూ అడుగుపెట్టని ముక్క.
పొదలు పెరిగి, నీడ ముసిరి, పదకొండు.

"పెట్టి పెట్టి ఒకదాన్ని చంపారు,
వదిలేసి ఒకదాన్ని" అంది మైము.
"ముట్టుకోకుండా ఉంటే చాలు, అదే కాపాడుకుంటుందని
పట్నం నుంచి వచ్చినవాళ్ళు చెప్తారు.
ఇది ఏటా కోస్తేనే బతికే నేల.
గింజ ముదరాలి, అప్పుడు కోత.
మూడు రోజులు ఆరాలి, గింజ రాలాలి,
అప్పుడు మోపు. అంతే చదువు."

వాన మొహం చాటేసిన ఏడు
ఎండెల్ చేను పది రోజుల్లో చాపలా ఎండిపోయిందట.
ఇక్కడ సగం వాడిపోయాయి,
సగం నిలబడ్డాయి,
లోతుగా వేళ్ళూనినవి, ఆకు ముడుచుకోవడం తెలిసినవి,
అంతకుముందు ఎవరూ లెక్కలోకి తీసుకోనివి.
ఆ ఆగస్టులో దీవిలో ఈ వైపు పాలు
వాటి పుణ్యమే.
ఎవరు నిలబడతారో
జూన్‌లో ఎవరికి తెలుసు?

అరవై ఎనిమిది.
ఒకటి మిగిలింది, గోరంత ఆకు,
నా పుస్తకంలో లేదు.
మైము వంగి చూసింది, వేలితో తట్టింది.
"మా అత్త ఏదో అనేది దీన్ని...
నాలుక చివరే ఉంది."

చాలాసేపు చూశాం ఇద్దరం.
రాలేదు.

అరవై తొమ్మిది అని రాసి
పక్కన ఖాళీ వదిలాను.
పుల్లలు పీకి, దారం చుట్టి, లేచి చూస్తే
నా చదరం ఎక్కడుందో నాకే తెలియలేదు.
వెనకాల, సానరాయి మీద
కొడవలి చప్పుడు మొదలైంది.