చివరి మనిషి వెనక

పరుగు పందెంలో నా పని
అందరికన్నా ఆఖరున వచ్చేవాళ్ల వెనక నడవడం,
చెట్లకు కట్టిన నారింజ రిబ్బన్లు
ఒక్కొక్కటే విప్పి సంచిలో వేసుకోవడం.
నిన్న నేనే కట్టాను, మూడు వందల పన్నెండు.
అడవికి అప్పిచ్చి
ఇవాళ వసూలుకు బయల్దేరాను.

ముందువాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు.
రీగా నుంచి వచ్చిన కుర్రాళ్లు,
మోకాళ్లకు నీలం పట్టీలు,
గుండె దడ కూడా లెక్కకట్టే గడియారాలు.
వాళ్ల బూట్ల అచ్చుల్లోకి
నీళ్లు ఇంకా ఊరుతున్నాయి.

నా ముందు వెల్తా.
అరవై తొమ్మిదేళ్లు. ఛాతీ మీద నూట నలభై ఒకటి.
పిన్నీసు ఒకటి ఊడిపోయి
ఆ అంకె అడుగడుక్కీ టపటపా కొట్టుకుంటోంది.

పరుగా నడకా అంటే చెప్పలేను.
ఎత్తు మీద నడక, పల్లంలో పరుగు,
పుట్టగొడుగు కనపడితే రెండూ కాదు.
"ఆగకండి, గడువు దాటిపోతుంది" అన్నాను.
"గడువు నీకు. నాకు సెప్టెంబరు" అంది
వంగి, చిన్న చాకుతో మొదలు కోస్తూ.
పసుపుపచ్చ గొడుగులు, ఆప్రికాట్ వాసన.
టోపీ సగం నిండింది.

మొదటి సరస్సు చుట్టూ
ఊబినేల మీద పరిచిన చెక్క పలకలు.
కింద నీళ్లు పాలు కలపని డికాషన్.
ఆమె కాలు పడ్డ పలక
నా కాలి కింద చివర లేస్తుంది.
ఇద్దరం మాట్లాడుకోలేదు.
పలకలే ఏదో అంటూ ఉన్నాయి.

రెండో సరస్సు దాటాక
రిబ్బన్లు లేవు.

అడవి పందులో, ఆకతాయిలో, రాత్రి గాలో.
ముందువాళ్లు గడియారాల్లో పటం చూసుకుని పోయుంటారు.
నా ఫోను పొద్దున్నే కన్ను మూసింది.
మూడు దారులు, మూడింటికీ అదే బర్చి చెట్లు,
అదే తెలుపు.
నిన్న కట్టిన చేతులే ఇవి,
ఏ కొమ్మకో గుర్తుకు రాలేదు.

వెల్తా నీళ్లు తాగి మూత పెట్టింది.
"పందొమ్మిదేళ్లు ఇక్కడ ఉత్తరాలు పంచాను.
ఎడమది రుబెనిస్ వాళ్ల ఇంటికి.
ఇల్లు లేదిప్పుడు, ఆపిల్ చెట్టు ఉంటుంది.
మధ్యది నదికి."
"కుడిది?"
"అక్కడొక ముసలాయన ఉండేవాడు.
ఆయనకి ఎవరూ రాయరు.
అయినా గేటు దగ్గర నిలబడేవాడు.
అందుకని శుక్రవారం శుక్రవారం వెళ్లేదాన్ని,
ఏమీ రాలేదని చెప్పడానికి."

అని, మధ్య దారిలో
పరుగు మొదలుపెట్టింది.
ఈసారి నిజం పరుగు.
వేళ్లు, రాళ్లు, కూలిన మాను,
చూడకుండానే దాటుతోంది.
విప్పడానికేం లేక నా చేతులు
ఖాళీగా ఊగుతున్నాయి పక్కన.
దమ్ము అందక డొక్క పట్టుకున్నది నేనే.

చెట్ల సందుల్లో ముందు వెలుతురు పలచబడింది,
తర్వాత చల్లదనం, తర్వాత గౌయా నది.
ఎదుట ఎర్ర ఇసుకరాయి గట్టు,
పిట్టలు ఎగిరిపోయిన బొరియలు.
వెల్తా ఒడ్డున నిలబడి
రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని
తెప్పవాణ్ణి కేకేసింది.
తెప్ప లేదు. వంతెన వేసి ఇరవై ఏళ్లు.
గట్టు మాత్రం పలికింది.
ఆమె తల ఊపి వంతెన ఎక్కింది.

పదకొండు నిమిషాలు ఆలస్యం.
గాలి తీసేసిన ముగింపు ద్వారం
గడ్డి మీద బోర్లా పడి ఉంది.
గడియారం వ్యానులోకి ఎక్కించారు.
బిరూటా ఒక్కతే సూపు గిన్నె పక్కన,
చల్లారిపోయిందని నొచ్చుకుంటూ.
వెల్తా టోపీ బోర్లించింది బల్ల మీద.
"వెన్న ఉందా?" అంది.

రాత్రి లెక్క చూస్తే ముప్పై ఒకటి తక్కువ.

మర్నాడు వాటి కోసమే వెళ్లాను.
పదమూడు దొరికాయి, నాచులో, నీళ్లలో,
ఒకటి ముళ్లపొదలో.
తిరిగి వస్తూ కుడి దారి పట్టాను ఎందుకో.
ఇల్లు లేదు. గేటు ఉంది,
రెండు వైపులా కంచె లేకుండా.
కాసేపు నిలబడ్డాను.

ఏమీ రాలేదని చెప్పి వచ్చాను.