కింద పడుకుని చూడు

ఇమేదా, ముందు ఆ రంగు మీంచి కళ్ళు తీసెయ్.
రుస్తావి సంతలో పొద్దున్నే కడిగి నిలబెట్టిన ఏ బండైనా
పేరంటానికి బయల్దేరినట్టే ఉంటుంది.

బానెట్ మీద చెయ్యి పెట్టు.
వెచ్చగా ఉందా? మనం రాకముందే స్టార్ట్ చేశాడన్నమాట,
చల్లటి ఇంజన్ దగ్గు మన చెవిన పడకుండా.
అలాంటి చోటికి మళ్ళీ రావాలి. చెప్పకుండా,
మంచు కరగకముందు.

ఈ అట్ట పరుచుకో. కింద పడుకుని చూడు.
బురద తొక్కే బండి నిజాలన్నీ పొట్ట కింద దాచుకుంటుంది.
స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పో,
పుచ్చకాయ బేరం చేసినట్టు.
టంగుమంటే ఇనుము.
దబ్బుమంటే తుప్పు,
తుప్పు మీద తారు, తారు మీద అమ్మేవాడి ఒట్టు.

టైర్లు చూడు. నాలుగూ ఒక్క ఈడువేనా?
ముందువి కొత్తవి, వెనకవి అరిగినవి అయితే
చక్రానికో లెక్క.
ఆ తగువు తీర్చలేక మధ్యలో గేర్‌పెట్టె నలుగుతుంది,
ఇద్దరు తోడికోడళ్ళకి ఒకే పొయ్యిలా.
రెండు టైర్ల డబ్బు మిగిలిందని మురిసిన మా మేనమామ వాజా
ఆ ఏడే పన్నెండు గొర్రెల్ని అమ్ముకున్నాడు.

ఆయిల్ బోల్టు విప్పమను. దాని అయస్కాంతానికి
బూడిదలాంటి మెత్తటి పొడి అంటితే సరే, అది వయసు.
గోటికి గుచ్చుకునే ముక్కలుంటే
లేచి చేతులు దులుపుకో.
రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తియ్యి,
నా మోచేతి మచ్చ చూశావుగా.
ఇంజన్ తిరుగుతుంటే నీళ్ళలో ఆగని బుడగలొచ్చాయా,
ఇక ధర కూడా అడక్కు.

తర్వాత ఖాళీ జాగాలో స్టీరింగ్ చివరికంటా తిప్పి
మెల్లగా ఒక చుట్టు చుట్టు.
టిక్కు టిక్కుమంటే ఇరుసు కీళ్ళు పోయినట్టు.
వెనకనుంచెవరో చొక్కా పట్టుకు లాగినట్టుంటే
మధ్య డిఫరెన్షియల్ బిగుసుకుపోయినట్టు.

ఎత్తు పెంచుతానంటావు. తెలుసు.
మీసం మొలిచిన ప్రతివాడూ ముందు అడిగేది అదే.
రెండంగుళాలు చాలు.
నాలుగు పెంచావంటే ఇరుసులు జల్లెడలా అదురుతాయి,
అబానో మలుపులో గాలి నిన్ను గాలిపటం అనుకుంటుంది.
ఆ డబ్బుతో పొట్ట కింద మందం రేకు వేయించు,
లాగడానికి గట్టి కొక్కేలు రెండు.
నెత్తిమీద దీపాల వరుస ఆఖర్న చూద్దాం.

ఇంకోటి. నాలుగు చక్రాలూ లాగేది ఎక్కడానికి.
ఆగడంలో నువ్వూ అందరిలాంటివాడివే.
రెండో గేర్లో దిగు, బ్రేకుని బతిమాలకు.
ఎండాకాలంలో కూడా నెలకోసారి లీవర్ వేసి
మట్టి రోడ్డు మీద కాస్త దూరం నడుపు.
వాడని కీలు మొండికేస్తుంది, నా మోకాలే సాక్ష్యం.

కుడి స్టీరింగని నవ్వుతారు. నవ్వనీ.
జపాన్ నుంచొచ్చిన ఈ డెలికాలో కుర్చీ లోయ పక్కకే ఉంటుంది,
అంచు ఎక్కడుందో నీకే ముందు తెలుస్తుంది.
ముందు లారీని దాటాలంటే మాత్రం
ఎడమ పక్కన ఒక మనిషి ఉండాలి.
అబద్ధమాడేవాణ్ణి కూర్చోబెట్టుకోకు.

ఆగు. ఆ టార్చి ఇటు పట్టు.

వెనక చక్రం పైన, ఆ అతుకు.
చేప పొలుసుల్లా పోయి పోయి
చివర్న చిన్న కొక్కెంలా తిరిగింది చూశావా?
అది నా చెయ్యి.
తొమ్మిదేళ్ళ కింద, అల్వానీలో, వానలో,
"అమ్మేదాకా నిలిస్తే చాలు, సియూరీ" అన్నాడొకడు.
రేకు వేశాను. పైన నల్లగా పూశాను.
కొనేది ఎవరని అడగలేదు.

ఎన్ని వేసవులు ఆ కనుమ ఎక్కిందో దీంతో,
జున్ను బస్తాలూ, పిల్లలూ.
పట్టుకునే ఉంది పాపం. అందులో నా గొప్పేం లేదు.

సరే, లే. సగానికి అడుగు.
ఇవ్వనంటే పోదాం, ఇంకా మూడు వరసలున్నాయి.
ఇస్తే మాత్రం కొండకి కాదు,
తిన్నగా నా షెడ్డుకి తీసుకురా.
ఆ అతుకు కోసేది నేనే.
కూలి సంగతి ఎత్తకు.