అక్కో, చెల్లెలో

ఇంగ్లీషులో ఒక్కటే మాట, సిస్టర్.
ఫేలా తన పుస్తకం పొడుగునా
ఆ మాటే రాసుకుంటూ పోయింది.

జూన్ సాయంత్రం, అయిదున్నరకే చీకటి.
గ్లెన్ హంట్లీ రోడ్డు మీద అరవై ఏడో నంబరు ట్రామ్
తడిసిన కోట్ల వాసనతో కదుల్తోంది.
ఒళ్ళో స్కూల్ లైబ్రరీ పుస్తకం,
ఊడిన అట్టకి ఎవరో టేపు అంటించారు.
ఈ వీధుల్లోనే ఎక్కడో ఉండేదట ఆవిడ.
ముప్ఫై ఏళ్ళు ఫ్లిండర్స్ లేన్‌లో
ఆడవాళ్ళ కోట్లకు లోపలి గుడ్డ కుట్టి కుట్టి
కళ్ళు మసకబారాక
టైపు కొట్టడం నేర్చుకుని రాసింది,
ఒకే ఒక్క పుస్తకం.

నేనూ మా సిస్టరూ, ఒకే దుప్పటి.
నేనూ మా సిస్టరూ, గోడ పక్కన వరసలో.
చదివిందల్లా లోపల్లోపల తెలుగు చేసుకుంటాను.
అలవాటు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలిగా.
ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నాను.
అక్కా? చెల్లెలా?
మన భాష ఊరుకోదు.
ఎవరు ముందు పుట్టారో తేల్చందే
వాక్యాన్ని గడప దాటనివ్వదు.

అరవై ఒకటో పేజీ.
స్టేషన్లో జనం తోసుకుంటూ ఉంటే
ఫేలా మోకాళ్ళ మీద కూర్చుని
బూటు లేసు కట్టింది,
ఊడిపోకుండా రెండు ముళ్ళు వేసి.
చెల్లెలు!
అమ్మయ్య అనుకున్నాను, నిజం,
లెక్క కుదిరినట్టు.
పేజీ తిప్పాను.
అరవై రెండులో సిస్టర్ లేదు.
అరవై మూడులో లేదు.
నూట పదిలో మంచు ఉంది, ముల్లంగి తొక్కలున్నాయి,
ఒకే దుప్పటి ఉంది.

మిస్ హార్టిగన్, మీరిచ్చిన కాగితం మీద
'ఈ పుస్తకం మీలో ఏ భావాలు కలిగించింది?' అని ఉంది,
కింద పన్నెండు గీతలు.
ఏడుపు రాలేదు.
మెడ వెనక చలి. తర్వాత సిగ్గు,
ఆ అమ్మయ్యకి.
ఎదుటి సీట్లో ఒకాయన ఫోన్లో ఫుట్‌బాల్ స్కోరు చూసి నవ్వుకున్నాడు.
పాపం ఆయనేం చేశాడు?
అయినా ఆయన మీద వచ్చిన కోపం
పన్నెండు గీతల్లో పట్టదు.

ఇంకో సంగతి.
మా ఇంట్లో నేనే చిన్నదాన్ని.
నేనెప్పుడు నడిచానో, దేనికి అలిగానో,
నెల్లూరులో కోతిని చూసి ఏమన్నానో,
అన్నీ అనఘక్కే చెప్తుంది.
నా చిన్నతనం తన దగ్గరుంది.
అందుకే, ఫేలా 'నేను' అన్న చోట
నేను నిలబడలేకపోయాను.
పుస్తకాలు రాసేది అక్కలు.
నేను, రెండు ముళ్ళు వేయించుకున్న కాలుని.

"దిగమ్మా, ఇదే ఆఖరు."
కార్నెగీ. నా స్టాపు రెండు స్టాపుల వెనక.
డ్రైవరు సంచీ భుజాన వేసుకుని
ట్రామ్ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు,
వచ్చిన పట్టాల మీదే వెనక్కి పోవడానికి.
పట్టాలకి అది మామూలే.

రాత్రి అక్క ఫార్మసీ నుంచి వచ్చి
జుట్టు తుడుచుకుంటోంది.
"ఏంటే, అలా చూస్తున్నావ్?"
"నువ్వెప్పుడైనా నా గురించి రాస్తే
పేరు రాస్తావా?"
"నీ గురించి రాయడానికేముందే,
ఫో, పళ్ళు తోముకో."

పేరు, పుస్తకం అయిపోయాక దొరికింది.
ప్రెస్సు వాళ్ళ అడ్రసుకి పైన, చిన్న అక్షరాల్లో,
ఎవరూ చదవని చోట:
బ్రోన్యా, ఎనిమిదేళ్ళు.
రెండొందల పేజీలు నోట్లో దాచుకుంది ఆవిడ.
బయటకి అనబోతే
ముందు నా పెదాలు మూసుకోవాల్సి వచ్చింది.

పన్నెండు గీతల్లో మొదటి దాని మీద
తెలుగులో రాసిచ్చాను, 'చెల్లెలు' అని.
దానికి ఇంగ్లీషు నాకు దొరకలేదు.
శుక్రవారం కాగితం తిరిగొచ్చింది.
మాట పక్కన ఆకుపచ్చ పెన్సిల్‌తో
ఒక ప్రశ్నార్థకం,
మెత్తగా, నొక్కకుండా.
మిగిలిన పదకొండు గీతలు అలాగే ఉన్నాయి.