అచ్చు ముందు ఆన్

సోహార్ల, ఆరో గేటు కాడ
కంటెయినర్ కోసి చేసిన గది నాది.
రాత్రి ఏమైతే అది లాగ్‌బుక్కుల రాయాలె,
ఇంగ్లీషుల.

‘రెడ్ పైపు లీకు’ అని రాసిన ఒకసారి.
పొద్దుగాల రోడెల్ వచ్చిండు, మనీలాయన, సేఫ్టీ,
ఎర్ర పెన్ను చెవి మీద.
‘ఎ రెడ్ పైపా? ద రెడ్ పైపా?
ఆడ మూడున్నయి ఎర్రటివి.’
చెయ్యి చాపి చూపించిన.
మా భాషల గంతే కద,
‘గా పైపు’ అని ఏలు చూపిస్తే అయిపాయె.
కాయితానికి ఏలు ఉండదన్నడు.

అప్పటి సంది నేర్సుకుంటున్న.
మనిషైతే ‘ఎ మ్యాన్’,
ముసలోడైతే ‘ఆన్ ఓల్డ్ మ్యాన్’.
నడిమిట్ల ఇంకో మాట వచ్చి నిలవడితే
ముందున్నది మొకం మార్సుకుంటది,
మేనేజర్‌ను చూసిన మా ఫోర్‌మెన్ లెక్క.

అవర్‌కు ఆన్ అట, యూనిఫాంకు ఎ అట.
స్పెల్లింగు చూస్తే ఉల్టా ఉంటది,
రోడెల్‌కే తికమక.
నేను అరచేతుల తెలుగుల రాసుకున్న.
అవర్. అ.
యూనిఫాం. య.
దొరికిండు దొంగ!
ఐదో తరగతిల బడి ఇడిసినోణ్ణి,
ఇన్నేండ్లకు అచ్చులు హల్లులు
సముద్రం ఇవతల అక్కరకొచ్చినయి.

నిన్న రాత్రి స్కఫోల్డింగు మీదికెల్లి గంగమల్లు జారిండు.
కాలు ఇరిగింది. పానం బాగనే ఉంది,
అంబులెన్సుల ఎక్కిస్తుంటె రెండో బూటు ఏదని అడిగిండు.
రిపోర్టు రాయమన్నరు.
కార్డుల ఏముంటే గదే రాయమన్నరు:
‘ఆన్ అన్‌స్కిల్డ్ వర్కర్.’
ఆర్టికల్ తప్పు లేదు. చూసిన.

పద్నాలుగేండ్ల సంది వెల్డింగు చేస్తున్నడు.
ఆయన ఏసిన అతుకు
గోరుతోని గీకినా తెల్వది.
‘అన్’ తీసేస్తే ముందటి ‘ఆన్’ గూడ పోతది,
‘ఎ స్కిల్డ్ వర్కర్’ అయితది.
నా పెన్నుతోని జీతం చీటి మారుతదా?
శానసేపు కూసున్న.
ఏసీ నీళ్లు బకెట్ల సుక్క, సుక్క.

పేర్లకు ముందట ఏదీ పెట్టొద్దని
రోడెల్ చెప్పిన ముచ్చట యాదికొచ్చింది.
రాసిన:
గంగమల్లు ఫెల్.

పొద్దుగాల ఆయన రెండుసార్లు చదివిండు.
ఎర్ర పెన్ను తీసిండు, మల్ల మూత పెట్టిండు.
‘ఏ గంగమల్లు? మన క్యాంపుల ఇద్దరున్నరు.’

నేను దావఖాన దిక్కు
ఏలు చూపించిన.