ఒక ర ఎక్కువ

జూలై. ఇక్కడ చలికాలం.
మోంతెవిదేయోకి గాలి నీళ్ళ మీంచి వస్తుంది,
నదో సముద్రమో తేల్చుకోని గోధుమరంగు నీళ్ళ మీంచి.
తాళాల దుకాణం పైన మా గది.
ఆరు కుర్చీలు, నాలుగు రకాలు.
పోసేది నేను.
ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు, సొరబుర్రలో మాతే ఆకు,
ఒకే వెండి గొట్టం,
తగువు పడే నోళ్ళన్నీ వంతులవారీగా దానికే.

నేను కోడ్ రాయను.
కోడ్ పక్కన పెట్టే మాటలు రాస్తాను:
దీన్ని ఇలా పిలవండి, ఇది ఇంత ఇస్తుంది,
ఇవ్వకపోతే కారణం ఇదీ.

ఇవాళ్టి తగువు ఒక ఫంక్షన్ గురించి.
పేరు ఎస్పెర్రా.
'ఎస్పెరా' అనబోయాడు ఎల్బియో, పద్నాలుగేళ్ళ కిందట,
'ఆగు' అని.
ఇక్కడి భాషలో ఆగడానికీ ఆశపడడానికీ ఒకటే క్రియ.
వేలు ఒకసారి ఎక్కువ పడింది.
ఒక ర ఎక్కువై, మాట మధ్యకి విరిగి
తోకలో ఆడకుక్క బయటపడింది.
ఎవరూ దిద్దలేదు.
దిద్దుదామనుకునే వేళకి
దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు
మూడువేల చోట్ల ఉన్నారు.

నాహిర్ తెల్లబోర్డు మీద ఒక గుమ్మం గీసింది.
"వచ్చిన ప్రతి మనవీ ఇక్కడ నిలబడుతోంది.
నలభై మిల్లీసెకన్లు. ఎవరి కోసం?
తీసేద్దాం. కొత్త వెర్షన్‌కి కొత్త గుమ్మం."
ఆమెకి ఇరవై ఆరేళ్ళు. ఆమె అన్నది నిజం.
నిజం చెప్పేటప్పుడు
మార్కర్ మూత పళ్ళ మధ్య పట్టుకుంటుంది.

లేఆంద్రో లెక్కలు తెచ్చాడు.
త్రెయింతా-ఇ-త్రెస్‌లో ఒక బియ్యం మిల్లు తూకాలు.
మెలోలో పిల్లల టీకాల పట్టిక.
పావురాల పందేల సంఘం ఒకటి,
రోజుకి ఎనిమిదివేల సార్లు పిలుస్తోంది,
ఎందుకో ఆ పావురాలకే తెలియాలి.
గదంతా నవ్వింది. నాహిర్ కూడా,
మూత జారకుండా.

ఎల్బియో తన వంతు పీలుస్తున్నాడు,
అడుగున గొట్టం గురగురమనేదాకా.
"రేవు కస్టమ్స్ ఆఫీసులో, మెట్ల కింద,
ఒక పాత మిషన్ ఉండేది.
కరెంటు ఆదా అని
రాత్రి కాపలావాడు దాన్ని నిద్రపుచ్చేవాడు.
తలుపు తడితే లేచి రావడానికి దానికి కాస్త వ్యవధి కావాలి.
అందుకని మూడుసార్లు తట్టమన్నాను,
తట్టినప్పుడల్లా కాసేపు ఆగమన్నాను. అంతే.
మిషన్ ఎప్పుడో తుక్కులోకి పోయింది."

కింద తాళాలవాడు
ఏదో చెవిని ఆకురాయితో రాస్తున్నాడు.
అది కాసేపు విన్నాం.

"అంటే," అంది నాహిర్, గొంతు తగ్గించి,
"లేని మనిషి తలుపు తడుతున్నాం."
"తడుతున్నది మనం," అన్నాడు లేఆంద్రో,
"చలిలో నిలబడ్డది వాళ్ళు.
తీసేస్తే రేపు పొద్దున మిల్లు ఆగుతుంది.
ఆ ఊళ్ళో దాన్ని బాగుచేసే కుర్రాడు
మెకానిక్ పనికి బ్రెజిల్ వెళ్ళిపోయాడట."

చీకటి పడింది. ఎవరో లైటు వేశారు.
రెండు ఫ్లాస్కులు ఖాళీ అయ్యాయి,
ఒక మంచి కోపం వృథా అయింది,
బోర్డు మీది గుమ్మం
చేతుల కింద నలిగి కిటికీ అయింది.
ఆఖరికి ఎల్బియోనే అన్నాడు:
"కుక్కని ఉంచండి.
ఇక ఎవరినీ ఆపదు.
మొరుగుతుంది, ఒక్క ఏడాది.
ఆ తర్వాత తీసేయండి."

చేతులు లేచాయి, అతనిది కూడా.
బుర్ర నా చేతికిస్తూ 'గ్రాసియాస్' అన్నాడు.
ఇక్కడ బుర్ర తిరిగిస్తూ ఎవరూ ఆ మాట అనరు.
అన్నారంటే, నాకు చాలు, ఇక పోయొద్దని.
అతని వంతు దాటించి పక్క కుర్చీకి పోశాను.
చాలన్నది మాతేనా అని అడగలేదు.
పొద్దున చూస్తే
మార్పులు ఒప్పుకునే వాళ్ళ జాబితాలో
అతని పేరున్న చోట నాహిర్ పేరుంది.

నా వంతు, మొరుగు రాయడం.
నాలుగు సార్లు కొట్టేసి ఇలా రాశాను:
'ఎస్పెరా ముసలిదైంది.
ఈ పిలుపుకి ఇంకా జవాబు వస్తుంది,
వచ్చే జూలై దాకా.
ఈలోగా వేరే తలుపు చూసుకోండి.'

గంటలో తిప్పి పంపింది నాహిర్,
ఒకే ఒక్క దిద్దుబాటుతో:
ఒక ర తగ్గింది.