చదివి వినిపించగా

సూర్యాబాగ్ కోర్టులో నకళ్ల సెక్షను ఎక్కడో
కనుక్కోడానికే నాకు మూడు రోజులు పట్టింది.
రొయ్యల కంపెనీలో మూడు రోజుల కూలి.

మొదటి రోజు కంప్యూటరు దగ్గర కుర్రాడు
"కేసు నంబరు చెప్పండమ్మా" అన్నాడు.
నంబరు లేదు బాబూ,
నేను రెండో క్లాసు మానేసిన ఏడు.
ఒక మరపడవ ఒక తెప్పని గుద్దేసింది,
మా అయ్య అందులో సాక్షి.
"అంత పాతవి ఇందులో ఉండవు" అంటూనే
పాపం, ఏవో అంకెలు కొట్టి చూశాడు.
తెర మీద గుండ్రంగా ఏదో తిరిగింది,
విసురు వల విచ్చుకున్నట్టు.
ఖాళీగా వచ్చింది.

రెండో రోజు
జిరాక్సు కొట్టు అరుగు మీద టైపు మిషనుతో కూచున్న
పొట్నూరు జగ్గారావు గారు
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"తెప్ప ఎవరిది?" అనడిగారు.
ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.
తెప్ప గరికినోళ్లది. వాళ్ల మనవడి రేకు పెట్టెలో
చెద సగం తిన్న సమను కాయితం దొరికింది.
అంకె మటుకు తినలేదు చెద:
ఓ.ఎస్. రెండొందల పద్నాలుగు బై ఎనభై ఎనిమిది.

మూడో రోజు దరఖాస్తు.
పేరు. తండ్రి పేరు. ఏ కాగితానికి నకలు.
వాదా, ప్రతివాదా?
రెండూ కాను.
అయితే అఫిడవిట్టు కావాలి, కారణం రాయాలి.
కారణం.
పక్కన రెండంగుళాల గీత.
"ఆస్తి తగాదానా? పింఛనా? వారసత్వమా?"
జగ్గారావు గారి వేళ్లు మీటల మీద ఆగిపోయాయి.

ఏటి చెప్పను.
అయ్యకి ఫొటో లేదు.
రేషను కార్డు మీదున్న ఒక్కటీ
పాక తోటి కలిసి సంద్రంలోకి పోయింది.
గొంతు ఎలాగుండేదంటే
అన్న ఒకలా చెబుతాడు, నేనొకలా.
అయ్య మాటాడితే ఎవరైనా రాసుకున్నది
ఈ ఊళ్లో ఒక్కసారే,
ఈ గోడల్లోనే.

అంతా విని ఆయన కొట్టింది రెండే మాటలు:
సొంత అవసరం.
టైపుకి డబ్బులు తీసుకోలేదు,
కోర్టు ఫీజు స్టాంపు మటుకు నన్నే కొనమన్నారు.

ఆ తరవాత నోటీసు బోర్డు.
కాపీ స్టాంపులు కట్టవలసినవారి జాబితా
పదకొండు రోజులు వేలు పెట్టి కూడబలుక్కున్నాను.
రికార్డు రూము అటెండరు ఒకసారి
"తుఫానుకి తడిసిన కట్టలమ్మా, విప్పితే పొడి రాలతంది,
ఆశ పెట్టుకోకు" అన్నాడు.
పన్నెండో రోజు అతనే వెతుక్కుంటూ వచ్చాడు,
మోచేతుల దాకా దుమ్ముతో.

నాలుగు పేజీలు. చివర ముద్ర, ముద్ర మీద సంతకం.
అరుగు మీద కూచుని జగ్గారావు గారు చదివారు:

"నా పేరు చోడిపల్లి పోలయ్య. వయస్సు సుమారు నలభై.
వృత్తి చేపల వేట. నివాసం పెదజాలారిపేట.
వాది తెప్పను నేను ఎరుగుదును."

ఎరుగుదును!
జన్మలో అనలేదు ఆ మాట.
గుమస్తా ఎవరో అయ్య మాటల్ని
ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసేశాడు.
"చీకటి వలన పడవ రంగు కానరాలేదనుట నిజము కాదు."
వింటున్నాను గానీ
ఇది ఎవరో పెద్దమనిషి, మా పోలిగాడు కాదు.

మూడో పేజీ మధ్యలో,
"మేము వేటకు వెళ్లుచుండగా
యారాడ కొండ దీపం నా కుడి సెవి దగ్గర ఉన్నది."

మళ్లీ చదవండి బాబూ.
"తప్పు పడ్డట్టుంది. చెవి అనుండాలి."
కాదు. సెవి.
ఇస్త్రీ పెట్టి తగలని ఒక్క మడత.
అయ్య అక్కడున్నాడు.

అడుగున:
చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు.
దాని కింద వేలిముద్ర. నకల్లో గీతల్లేవు,
నల్లటి మరక, ఎండు చేప కన్నంత.

రాత్రి మేనకోడలు చదువుతుంటే
అన్న చుట్ట ఆర్పేసి విన్నాడు.
సెవి దగ్గర ఆపమన్నాడు.
"కుడి సెవి అయ్యకి వినపడేది కాదు కదే.
అందుకే అంత గట్టిగా అరిచేవోడు."

అవును.
అందుకే మేం ఎప్పుడూ
ఎడం పక్కన కూచునేవాళ్లం.