వరుస చివర పేరు

రువీల మా ఆఫీసు, మూడో అంతస్తు.
కింద షవర్మా దుకాణం పొగ కిటికీదాంక వస్తది.
సర్వర్ మాత్రం దుకుమ్‌ల ఉంటది,
ఎడారి ఎంబడి అయిదువందల కిలోమీటర్లు,
చాపల కోల్డ్ స్టోరేజీ పక్క గదిల,
మైనస్ పద్దెనిమిది, మైనస్ పద్దెనిమిది అని
రాసుకుంట.

నేను దాన్ని ఎన్నడు సూడలే.
దాని ఫ్యాను చప్పుడు సుత ఇనలే.
ఆరేండ్ల సంది రోజు లోపలికి పోతున్న.

పాస్‌వర్డు నాకన్న ముందుగాల కొమురెల్లి పెట్టిండు:
లచ్చవ్వ, దాని ఎనుక ఆరు తొమ్మిది.
పసుపు చీటీ మీద రాసి మానిటర్‌కు అతికిచ్చి,
లెక్క తీసుకోని కోరుట్లకు వొయిండు.
చీటీ ఎండకు తెల్లవడ్డది. అయినా అవసరమేంది,
అందరికి నోటికొచ్చు.
చిట్టగాంగ్ షఫీకుల్ లొచ్చబ్బ అంటడు,
మేనేజర్ సైఫ్ లషావా అంటడు,
మరిసెల్ ఏమనది, పది వేళ్లతోని టకటక కొడతది.
ఎవలామె అని ఎవలూ అడుగలే.
నేను సుత. తెలుగోన్ని గద,
తెలిసినట్టే ఉన్న.

మొన్న లాగ్ ఫైలు తెరిస్తే
ఒక్క రాత్రిల నాలుగువేల సార్లు
ఎవలో తలుపు కొట్టిండ్రు.
అడ్మిన్ అని, రూట్ అని, ఒకటి రెండు మూడు నాలుగని.
లచ్చవ్వ దాంక రాలే. వస్తరు.
"పాస్‌వర్డు బంద్ వెట్టు, తాళంచెవి పెట్టు" అన్నడు సైఫ్.

శుక్రవారం. నేనొక్కన్నే, ఒక చాయ్ ఫ్లాస్కు.
కొత్త డెస్క్‌టాప్ దుకుమ్‌ను ఎరుగది,
నమ్ముతవా అని అడిగింది.
వై అంటె ఇనది, యస్ అని మూడచ్చరాలు నిండ రాయాలె.
రాసిన.

ఒక్క కమాండ్‌కు రెండు పుట్టినయి.
ఒకటి ఎవలకన్న ఇయ్యొచ్చు, గోడ మీద రాసినా ఏం గాదు.
ఇంకోటి ఎవలకూ ఇయ్యొద్దు,
ఆఖరికి సర్వర్‌కు సుత సూపెట్టొద్దు,
నా దగ్గర ఉన్నదని రుజువు జేస్తె సాలు.
నవ్వొచ్చింది.
నా పాసుపోర్టు నాలుగేండ్లు కంపిని బీరువల ఉండె,
నా జేబుల దాని జిరాక్సు.

బయటి సగాన్ని దుకుమ్‌కు పంపిన.
గురువారం వాళ్ల ముగ్గురి దగ్గర తీసుకున్నయి సుత.
ఫోల్డర్‌కు ఏడువందలు, ఫైలుకు ఆరువందలు.
రియాళ్లు గాదు,
ఇది నాది, ఇంకెవలూ సదువద్దని దానర్థం.
ఎనిమిది మంచాల గదిల పండుకునేటోనికి
గా అంకె మీద జెర పానం గుంజింది.

పాత కిటికీ మూయకుంట కొత్తది తెరిచిన.
రెండూ మూసుకుంటె దుకుమ్‌కు బస్సే దిక్కు.
ఏమడుగకుంటనే తలుపు తెరుసుకున్నది.
మల్ల మూసి మల్ల తెరిచిన.
మల్ల.

ఇగ ఒక్క వరుస మిగిలింది.
పాస్‌వర్డు ఎదురుంగ నో అని రాసి,
సేవ్ జెయ్యకుంట కొమురెల్లికి ఫోన్ కలిపిన.
"లచ్చవ్వను తీసేస్తున్ననే."
పసుపు ఉడుకవెడుతున్నరట, ఎనుక ఎవలో కట్టెలిరుస్తున్నరు.
"ఇంక గదే కొడుతున్నరా?" అన్నడు.
"ఆరేండ్లు. సైఫ్ సుత."
"సైఫ్ సుతనా?" నవ్విండు. నవ్వు నడుమ ఆగిండు.
ఎవలామె అని అడిగేటందుకు నోరు తెరిచెటాలకు
క్వింటాలు పసుపు ధర మీదికి మాట మలిపిండు.

సేవ్ జేసిన. రీస్టార్ట్.
పాస్‌వర్డుతోని ఒకపారి పోయి జూసిన,
రావద్దన్నది.

తాళంచెవి వరుస పొడుగ్గ ఉంటది, నోరు తిరుగని అచ్చరాలు.
అన్నిటికన్న చివర ఒక పేరు రాసుకునే జాగ.
అది ఏ తలుపునూ తెరువది,
లేకున్నా నడుస్తది.
అక్కడ నా పేరుండె, కంప్యూటరే రాసుకున్నది.
తుడిపి లచ్చవ్వ అని రాసిన,
ఆరు తొమ్మిది లేకుంట.

దుకుమ్‌ల మైనస్ పద్దెనిమిది.
చాయ్ సల్లారింది.